మెడ స్కాన్‌లో ఎర్రగా కనపడితే క్యాన్సరేనా? థైరాయిడ్ డాప్లర్ గురించి, మా అమ్మ రిపోర్ట్ పట్టుకుని

ఈ ఎపిసోడ్ మైపాడు దగ్గర మా ఇంటి వరండాలో కూర్చుని తీస్తున్నా. వెనకాల మోటార్ సౌండ్ వస్తే ఏమనుకోవద్దు. అది పక్క రొయ్యల గుంటలో ఏరియేటర్. ఈ రోజు టాపిక్‌లో దానికీ ఒక పాత్ర ఉంది, అందుకే ఆపించలేదు.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడు ఇలా కెమెరా ముందుకు వచ్చినవాడిని. కానీ ఒక స్కాన్ రిపోర్ట్‌ని తప్పుగా చదివి, ఇంట్లో అందరినీ నాలుగైదు రోజులు ఏడిపించింది మాత్రం నేనే. ఆ తప్పు మీ ఇంట్లో జరగకూడదనే ఈ వీడియో.

ఆ రిపోర్ట్‌లో ఒక్క లైన్

2023 నవంబర్ చివరి వారం. అమ్మకి అప్పుడు 52 ఏళ్ళు. గొంతు కింద కొంచెం ఉబ్బుగా ఉందని మా పిన్నమ్మ గమనించింది. నెల్లూరులో ఒకచోట మెడకి అల్ట్రాసౌండ్ తీయించాం. మెడలో ఉన్నవన్నీ తీసేయమన్నారు. అమ్మ గొలుసు తీసింది గానీ తాళి తీయనంది. "తీసేది లేదబ్బయా, ఎనక్కి ఏసుకుంటా" అని వీపు వైపుకి తిప్పుకుంది. వాళ్ళూ సరేనన్నారు. నిజానికి ఈ స్కాన్‌కి ఉపవాసం అక్కర్లేదు, నీళ్ళు తాగి ఉండాల్సిన పనీ లేదు, రేడియేషన్ అసలే లేదు. జెల్ రాసి, చిన్న ప్రోబ్ పెట్టి చూస్తారు, అంతే.

రిపోర్ట్‌లో రెండు గడ్డలు రాశారు. కుడి వైపు 2.6 సెంటీమీటర్లది. ఎడమ వైపు 1.1 సెంటీమీటర్లది. పెద్దదాని కింద "ఇంట్రానోడ్యులర్ వాస్కులారిటీ పెరిగింది" అని ఒక లైన్. పక్కనే కలర్ ఫోటో. (ట్రాన్స్‌క్రిప్ట్ చదివేవాళ్ళకి: స్క్రీన్ మీద ఇప్పుడు ఆ ఫోటో ఉంది. బూడిద రంగు గడ్డలో ఎరుపు, నీలం నిప్పురవ్వల్లా కనిపిస్తున్నాయి.) అమ్మ దాన్ని చూసి, "ఏందబ్బయా ఇది, నా గొంతులో నిప్పు పెట్టినట్టుండాదే" అంది.

నేనేం చేశానంటే, మనమందరం చేసేదే. ఫోన్ తీసి వెతికా. గడ్డ లోపల రక్తం ఎక్కువుంటే క్యాన్సర్ అనుమానం అని ఒకచోట ఉంది. రక్తనాళాలు ఎక్కువున్న క్యాన్సర్ త్వరగా పాకుతుందని ఇంకోచోట ఉంది. రెండూ కలిపి నేనే తీర్పు ఇచ్చేశా. ఆ పెద్ద గడ్డే ప్రమాదం, చిన్నది వదిలేయొచ్చు అని నాన్నతో చెప్పా. నాన్న గుంట లీజు వదిలేద్దామా అని లెక్కలు మొదలుపెట్టాడు. అమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి బీరువా తెరిచి, ఏ చీర ఎవరికో మా చెల్లికి నెమ్మదిగా చెప్తుంటే నేను పక్క గదిలో నుంచి విన్నా.

అప్పుడే మిచౌంగ్ తుఫాను వచ్చింది. డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకు ముందే మన నెల్లూరు తీరమంతా వానల్లో మునిగింది. సూది పరీక్షకి వెళ్ళాల్సిన రోజున రోడ్డు మీద నీళ్ళు. ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం తప్ప దారి లేదు. ఆ ఖాళీలో నేను మొదటిసారి సరిగ్గా చదవడం మొదలుపెట్టా.

బోటులో ఉన్న మెషినే, మెడ మీద

మరబోట్లలో ఫిష్ ఫైండర్ మీలో చాలామంది చూసుంటారు. కింద నీళ్ళలోకి శబ్దం పంపుతుంది. అది చేపల గుంపుకో, అడుగు నేలకో తగిలి వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూసి ఎంత లోతులో ఏముందో చెప్తుంది. అల్ట్రాసౌండ్ కూడా అచ్చం ఇదే. సముద్రపు నీళ్ళలో శబ్దం సెకనుకి దాదాపు 1500 మీటర్లు పోతుంది. మన శరీరంలోని మెత్తటి కండలో 1540 మీటర్లు. మనలో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి రెండూ దగ్గరదగ్గరగా ఉన్నాయి.

తేడా ఫ్రీక్వెన్సీలో ఉంది. ఫిష్ ఫైండర్లు మామూలుగా 50 నుంచి 200 కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. థైరాయిడ్‌కి వాడే ప్రోబ్ సుమారు 7 నుంచి 15 మెగాహెర్ట్జ్. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ చిన్న చిన్నవి కూడా విడివిడిగా కనపడతాయి, కానీ శబ్దం ఎక్కువ లోతుకి పోలేదు. థైరాయిడ్ చర్మం కిందే ఉంటుంది కాబట్టి మనకి ఆ లోతు అక్కర్లేదు. రెండు సెంటీమీటర్ల లోతుకి వెళ్ళి తిరిగి రావడానికి శబ్దానికి పట్టే టైమ్ సుమారు 26 మైక్రోసెకన్లు. అలా వేల ప్రతిధ్వనులు కలిపితే ఆ బూడిద రంగు బొమ్మ వస్తుంది.

ఇక రంగు ఎక్కడి నుంచి వచ్చింది? దానికి డాప్లర్ కావాలి.

బిట్రగుంట వైపు రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు గమనించండి. రైలు మన వైపు వస్తున్నప్పుడు హారన్ సన్నగా, పైస్థాయిలో వినపడుతుంది. మనల్ని దాటిపోగానే కిందికి దిగిపోతుంది. హారన్ మారలేదు, రైలు కదలడం వల్ల మనకి చేరే ఫ్రీక్వెన్సీ మారింది. క్రిస్టియన్ డాప్లర్ అనే శాస్త్రవేత్త 1842లో నక్షత్రాల రంగుల గురించి ఆలోచిస్తూ ఈ సూత్రం చెప్పాడు. 1845లో బైస్ బలోట్ అనే డచ్ శాస్త్రవేత్త, రైలు మీద ట్రంపెట్ వాయించేవాళ్ళని ఎక్కించి మరీ దీన్ని పరీక్షించాడు.

మెడలో రైలు బదులు ఎర్ర రక్తకణాలు. ప్రోబ్ పంపిన శబ్దం కదులుతున్న కణాలకి తగిలి వెనక్కి వచ్చేటప్పుడు ఫ్రీక్వెన్సీ కొంచెం మారుతుంది. లెక్క చూద్దాం. 5 మెగాహెర్ట్జ్ శబ్దం, సెకనుకి 20 సెంటీమీటర్ల వేగంతో నేరుగా ప్రోబ్ వైపు వచ్చే రక్తం. మార్పు దాదాపు 1300 హెర్ట్జ్. ఇది మన చెవికి వినపడే శబ్దమే! అందుకే డాప్లర్ ఆన్ చేసినప్పుడు మెషిన్‌లో నుంచి "హుష్... హుష్..." అని వినపడుతుంది. ఆ రోజు అమ్మ ఆ సౌండ్ విని, "గుంటలో మోటార్ లాగుందే" అంది.

ఎరుపు అంటే ప్రమాదం కాదు

తుఫాను రోజుల్లో టీవీలో రంగురంగుల రాడార్ బొమ్మలు చూస్తాం కదా. మన శ్రీహరికోట షార్‌లో ఒక డాప్లర్ వాతావరణ రాడార్ ఉంది, చెన్నైలో ఇంకోటి ఉంది. టీవీలో ఎక్కువగా చూపించేది వాన ఎంత గట్టిగా ఉందో చెప్పే బొమ్మ. అందులో ఎరుపంటే భయపడాల్సిందే. కానీ అదే రాడార్ గాలి వేగం బొమ్మ కూడా ఇస్తుంది. అందులో ఎరుపుకి అర్థం వేరు. చాలా రాడార్లలో అది దూరంగా పోతున్న గాలి.

మెడ స్కాన్ రంగులు ఈ రెండో రకం. మామూలు సెట్టింగ్‌లో ఎరుపంటే ప్రోబ్ వైపు వస్తున్న రక్తం, నీలమంటే ప్రోబ్ నుంచి దూరంగా పోతున్న రక్తం. అంతే. ఎరుపు చెడు రక్తం కాదు, నీలం మంచి రక్తం కాదు. ధమని, సిర అని కూడా దానర్థం కాదు. డాక్టర్ ప్రోబ్‌ని కాస్త అటు వంచితే అదే నాళం ఎరుపు నుంచి నీలానికి మారిపోతుంది. అమ్మ చూసిన "నిప్పు" ఇదే. మనం ఇంట్లో కూర్చుని ఏడ్చింది ఒక సాఫ్ట్‌వేర్ కలర్ ప్యాలెట్‌ని చూసి! నేను సాఫ్ట్‌వేర్ వాడినై ఉండి కూడా.

మరి క్యాన్సర్‌కి రక్తంతో సంబంధం లేదా?

ఉంది. ఇక్కడే మన ఏరియేటర్ వస్తుంది.

గుంటలో రొయ్యలు తక్కువగా ఉంటే నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ సరిపోతుంది. పిల్లలు ఎక్కువ వేసి, అవి పెరిగేకొద్దీ ఏరియేటర్లు పెంచాలి, లేదంటే తెల్లారేసరికి పైకి తేలతాయి. కణితి కూడా అంతే. 1971లో జుడా ఫోక్‌మన్ అనే అమెరికన్ సర్జన్ ఒక ఊహ ముందుకు తెచ్చాడు. కణితి ఒకటి, రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలి, వాటిని అదే పిలిపించుకుంటుంది అని. చాలామంది మొదట్లో నమ్మలేదు. తర్వాత ఆ పిలుపు పంపే పదార్థాలు దొరికాయి. వాటిలో పేరున్నది వీఈజీఎఫ్. ఈ దారిని అడ్డుకునే మందులు కూడా వచ్చాయి. రేడియో అయోడిన్‌కి లొంగని ముదిరిన థైరాయిడ్ క్యాన్సర్‌కి అమెరికాలో 2013లో సొరాఫెనిబ్‌కి, 2015లో లెన్వాటినిబ్‌కి అనుమతి వచ్చింది. అంటే రక్త సరఫరా ముఖ్యం అన్నది నిజమే.

అయితే, రోడ్డు మీద నిలబడి ఏరియేటర్లు లెక్కపెట్టి, ఆ గుంటలో జబ్బు ఉందో లేదో మీరు చెప్పగలరా? ఎక్కువ ఏరియేటర్లున్న గుంట ఆరోగ్యంగా ఉండొచ్చు. రెండే ఉన్న గుంటలో వైట్ స్పాట్ ఉండొచ్చు. డాప్లర్‌తో క్యాన్సర్‌ని తేల్చాలనుకోవడం కూడా అలాంటిదే.

ఒకప్పుడు డాక్టర్లు కూడా గడ్డ చుట్టూ మాత్రమే రక్తముంటే మంచిది, గడ్డ మధ్యలో ఉంటే అనుమానించాలి అని చూసేవాళ్ళు. 2000ల మొదట్లో వచ్చిన కొన్ని అధ్యయనాలు దాన్ని బలపరిచాయి. తర్వాత ఇంకా ఎక్కువమందిని చూసినప్పుడు ఆ గీత చెరిగిపోయింది. మామూలు గడ్డల్లో కూడా మధ్యలో రక్తం కనపడుతుంది. ఎక్కువగా వచ్చే పాపిల్లరీ రకం క్యాన్సర్లలో, ముఖ్యంగా చిన్నవాటిలో, చాలాసార్లు రక్తం పెద్దగా కనపడదు. ఫోలిక్యులర్ రకంలో మాత్రం లోపల రక్తం ఎక్కువ కనపడే అవకాశం ఉంది. అందుకే 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ పెట్టిన టైరాడ్స్ అనే పాయింట్ల పద్ధతిలో రక్త ప్రవాహానికి అసలు పాయింట్లే లేవు. నేను ఏ లైన్ చూసి తీర్పు ఇచ్చానో, ఆ లైన్‌కి మార్కులు సున్నా.

మెషిన్ కూడా మోసపోతుంది

ఈసీఈ చదివినవాళ్ళకి ఈ పార్ట్ నచ్చుతుంది. మిగతావాళ్ళు కూడా రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

మొదటిది కోణం. రక్తం ప్రోబ్‌కి అడ్డంగా, సరిగ్గా 90 డిగ్రీల్లో పోతుంటే డాప్లర్ మార్పు సున్నా అయిపోతుంది. కాస్ 90 సున్నా కదా. రక్తం ఉంటుంది, రంగు రాదు. ఇందాకటి 1300 హెర్ట్జ్ ఉదాహరణలో కోణం 60 డిగ్రీలైతే సగమే, 650.

రెండోది శాంప్లింగ్. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనపడుతుంది చూడండి, అదే నైక్విస్ట్ సమస్య. రక్తం వేగం మెషిన్ స్కేల్‌ని దాటితే ఎరుపు మధ్యలో ఒక్కసారిగా నీలం పడుతుంది. చూసేవాళ్ళకి లోపల ఏదో అల్లకల్లోలం జరుగుతున్నట్టు ఉంటుంది. అక్కడ నిజంగా జరిగింది స్కేల్ తక్కువ పెట్టడం.

మూడోది చేతి బరువు. ప్రోబ్‌ని గట్టిగా నొక్కితే చిన్న నాళాలు నలిగి రంగు మాయమవుతుంది. నాలుగోది గెయిన్. ఎక్కువ పెంచితే లేని చోట కూడా రంగు చల్లినట్టు వస్తుంది, తగ్గిస్తే ఉన్నదీ పోతుంది. అంటే ఒకే గడ్డ, ఒకే రోజు, రెండు మెషిన్ల మీద రెండు రకాలుగా కనపడొచ్చు.

ఐదోది అసలు పరిమితి. కణితికి తిండి పెట్టేది చాలావరకు సన్న కేశనాళికలు. వాటి వెడల్పు 5 నుంచి 10 మైక్రాన్లు, అందులో రక్తం చాలా నెమ్మదిగా నడుస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడు, మింగినప్పుడు మెడ కదిలే వేగం కూడా దాదాపు అంతే ఉంటుంది. మెషిన్ ఆ కదలికని వడకట్టేటప్పుడు ఈ నెమ్మది రక్తం కూడా పోతుంది. వల కన్ను పెద్దదైతే సన్న చేప జారిపోయినట్టు.

దీనికి కొత్త దారులున్నాయి. పవర్ డాప్లర్ దిశని వదిలేసి బలాన్ని మాత్రమే చూస్తుంది, నెమ్మది ప్రవాహాన్ని బాగా పడుతుంది. సూక్ష్మనాళాల కోసం కండ కదలికని, రక్తం కదలికని విడదీసే కొత్త సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ ఇంకోటి. రక్తనాళంలోకి ఎర్ర రక్తకణం కంటే చిన్న గ్యాస్ బుడగలు ఎక్కిస్తారు. అవి నాళాల్లోనే తిరుగుతాయి, శబ్దానికి గట్టిగా స్పందిస్తాయి, చివరికి ఆ గ్యాస్ ఊపిరితో బయటికి పోతుంది. తమాషా ఏంటంటే, ఈ పరీక్షలో చాలా థైరాయిడ్ క్యాన్సర్లు చుట్టూ ఉన్న గ్రంథి కంటే తక్కువగా, అతుకులు అతుకులుగా వెలుగుతాయి. చుట్టూ చక్కటి ఉంగరంలా వెలిగేవి ఎక్కువగా మామూలు గడ్డలు. అంటే నేను భయపడినదానికి దాదాపు రివర్స్.

సున్నా మార్కుల లైన్, పది మార్కుల గడ్డ

మళ్ళీ డిసెంబర్‌కి వద్దాం. నీళ్ళు తగ్గాక అమ్మని తీసుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. నేను కలర్ ఫోటో తీసి ముందు పెట్టా. ఆయన దాన్ని పక్కన పెట్టి, నేను వదిలేయమన్న చిన్న గడ్డ బ్లాక్ అండ్ వైట్ ఫోటో అడిగారు.

ఆయన చెప్పింది ఇది. టైరాడ్స్‌లో ఐదు విషయాలకి పాయింట్లు ఉంటాయి. గడ్డ గట్టిదా, నీళ్ళదా? చుట్టూ ఉన్న గ్రంథి కంటే నల్లగా ఉందా? ఆకారం ఎలా ఉంది? అంచులు నున్నగా ఉన్నాయా? లోపల తెల్ల చుక్కలున్నాయా? పెద్ద గడ్డ గట్టిదే, 2 పాయింట్లు. రంగు గ్రంథి లాగానే ఉంది, 1. మొత్తం 3. అది తక్కువ అనుమానం గుంపు, అయినా 2.5 సెంటీమీటర్లు దాటింది కాబట్టి సూది పరీక్ష చేయాలి. చిన్న గడ్డ గట్టిది, 2. నల్లగా ఉంది, 2. అడ్డం కంటే చర్మం నుంచి లోపలికి కొలిచే కొలత ఎక్కువ, 3. లోపల సన్నటి తెల్ల చుక్కలు, 3. మొత్తం 10. ఏడు వస్తేనే ఎక్కువ అనుమానం. ఆ గుంపులో ఒక సెంటీమీటర్ ఉంటే చాలు సూది పెట్టాలి. అమ్మది 1.1.

ఆ చిన్న గడ్డలో రంగు దాదాపు లేదు. అందుకే నాకు కనపడలేదు.

సూది పరీక్ష ఫలితాలు ఆరు తరగతులుగా రాస్తారు, దాన్ని బెథెస్డా పద్ధతి అంటారు. నిప్పులా ఎర్రగా ఉన్న పెద్ద గడ్డకి 2 వచ్చింది, అంటే మామూలు గడ్డ. ఏ రంగూ లేని చిన్న గడ్డకి 6 వచ్చింది, అంటే క్యాన్సర్. పాపిల్లరీ రకం.

బయట కుర్చీలో కూర్చున్న అమ్మకి చెప్పాల్సింది నేనే. ఏం చెప్పాలో తెలీక, "మా, ఎర్రది మంచిదేనంట" అన్నా. అమ్మ నా మొహం చూసి, "ఇంకోదాని సంగతి చెప్పబ్బయా" అంది.

ముందు ముందు ఎలా ఉంటుంది? దాన్ని ఏం తేలుస్తుంది?

అప్పుడు నేను డాక్టర్‌ని అడిగిన ప్రశ్నే మీలో చాలామంది అడుగుతారు. రక్తం తక్కువుంది కదా, అంటే మెల్లగా పెరిగేదే కదా సార్ అని. ఆయన ఆ వైపు కూడా వెళ్ళొద్దన్నారు. డాప్లర్‌లో రక్తం ఎక్కువుంటే లింఫ్ గ్రంథులకి పాకే అవకాశం ఎక్కువని కొన్ని అధ్యయనాలు అన్నాయి, ఇంకొన్నింటిలో ఆ సంబంధం కనపడలేదు. స్టేజ్ నిర్ణయించేటప్పుడు డాప్లర్ రంగు లెక్కలోకి రాదు.

లెక్కలోకి వచ్చేవి వేరే. ఏ రకం క్యాన్సర్: పాపిల్లరీ, ఫోలిక్యులర్, మెడుల్లరీ, అనాప్లాస్టిక్. వీటిలో మొదటిది ఎక్కువమందికి వస్తుంది, బాగా లొంగుతుంది. చివరిది అరుదు, చాలా కష్టం. తర్వాత గడ్డ సైజు, గ్రంథి దాటి బయటికి వచ్చిందా, లింఫ్ గ్రంథులకి గానీ ఊపిరితిత్తులు, ఎముకలకి గానీ పాకిందా, ఆపరేషన్‌లో మొత్తం వచ్చిందా. ఇంకా వయసు. 2018 నుంచి వాడుతున్న స్టేజింగ్ పద్ధతిలో, పాపిల్లరీ, ఫోలిక్యులర్ రకాలకి 55 ఏళ్ళ దగ్గర గీత గీశారు. ఆ లోపు వయసువాళ్ళకి దూరపు అవయవాలకి పాకకపోతే అది మొదటి స్టేజే.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే ఇది పెట్టుకోండి. వాస్కులారిటీ వేరు, వాస్కులర్ ఇన్వేజన్ వేరు. స్కాన్ రిపోర్ట్‌లో వచ్చే వాస్కులారిటీ అంటే గడ్డలో రక్తం తిరుగుతోంది అని. ఆపరేషన్ తర్వాత బయాప్సీ రిపోర్ట్‌లో వచ్చే వాస్కులర్ ఇన్వేజన్ అంటే క్యాన్సర్ కణాలు రక్తనాళం గోడ తొలుచుకుని లోపలికి దూరాయి అని. అది మైక్రోస్కోప్ కింద మాత్రమే తెలుస్తుంది. ముఖ్యంగా ఫోలిక్యులర్ రకంలో నాలుగు కంటే ఎక్కువ నాళాల్లోకి దూరితే తిరిగి వచ్చే ప్రమాదం ఎక్కువ అని లెక్కేస్తారు. మొదటి మాట చూసి భయపడొద్దు. రెండో మాట చూసి తేలిగ్గా తీసుకోవద్దు. పేర్లు దగ్గరగా ఉన్నాయని నేను రెండింటినీ ఒకటే అనుకున్నా. అదే నా తప్పు.

అయితే డాప్లర్ దేనికి?

పనికిరాదని కాదు. సరైన ప్రశ్న అడిగితే మంచి జవాబు ఇస్తుంది.

హార్మోన్ ఎక్కువైందనుకోండి. గ్రేవ్స్ జబ్బులో గ్రంథి మొత్తం రక్తంతో మండుతున్నట్టు కనపడుతుంది, డాక్టర్లు దానికి పెట్టిన పేరు కూడా "థైరాయిడ్ ఇన్ఫెర్నో". అదే వాపు వల్ల నిల్వ ఉన్న హార్మోన్ కారిపోతుంటే రక్తం తక్కువగా కనపడుతుంది. రెండింటికీ వైద్యం వేరు కాబట్టి ఇక్కడ డాప్లర్ బాగా ఉపయోగం.

నీళ్ళ గడ్డలో ఒక ముద్ద కనపడితే, అది గడ్డకట్టిన పాత రక్తమా, నిజమైన కండా? లోపల రక్తం ప్రవహిస్తుంటే కండే, సూది అక్కడ పెట్టాలి.

మెడ పక్కన లింఫ్ గ్రంథుల్లో మామూలుగా రక్తం మధ్యలో ఉన్న ఒక ద్వారం నుంచి లోపలికి వెళ్తుంది. ఆ మధ్య దారి పోయి, అంచుల నుంచి అడ్డదిడ్డంగా నాళాలు దూరుతుంటే క్యాన్సర్ పాకిందేమోనని అనుమానిస్తారు. అంటే డాప్లర్ ఇచ్చే పెద్ద సాయం గడ్డ దగ్గర కంటే పక్క గ్రంథుల దగ్గరే. అమ్మకి కూడా ఆపరేషన్‌కి ముందు మెడ రెండు పక్కలా ఇలా చూశారు, ఏమీ లేదు. మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ అని తేలితే, మెడ పక్కల గ్రంథులు చూశారా అని తప్పకుండా అడగండి. ఆపరేషన్ ఎంతవరకు చేయాలో దాన్ని బట్టే ఉంటుంది.

అలాగని అందరూ స్కాన్‌కి పరిగెత్తొద్దు

ఈ వీడియో చూసి "అమ్మకి, అక్కకి, నాకు కూడా ఒకసారి తీయిద్దాం" అనుకునేవాళ్ళకి దక్షిణ కొరియా కథ చెప్పాలి. అక్కడ 1999లో ప్రభుత్వ క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలైంది. తక్కువ డబ్బుకే థైరాయిడ్ స్కాన్ కూడా చేయడం అలవాటైంది. 2011కల్లా థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. చనిపోయేవాళ్ళ సంఖ్య మాత్రం మారలేదు. అంటే జీవితాంతం ఏమీ చేయని చిన్న చిన్నవాటిని వెతికి పట్టుకుని కోశారు. జపాన్‌లో కోబే నగరంలోని కుమా హాస్పిటల్ 1993 నుంచే ఒక సెంటీమీటర్ లోపు ఉన్న, ప్రమాద లక్షణాలు లేని పాపిల్లరీ క్యాన్సర్లని కోయకుండా గమనిస్తూ వచ్చింది. 1,235 మందిని చూస్తే, పదేళ్ళలో మూడు మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో పెరిగినవి దాదాపు 8 శాతమే.

గడ్డ చేతికి తగిలినా, గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, మింగడం కష్టమైనా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా, చిన్నప్పుడు మెడకి రేడియేషన్ ఇచ్చి ఉన్నా చూపించుకోండి. ఏ ఇబ్బందీ లేకుండా ఊరికే ప్యాకేజ్‌లో వస్తుందని చేయించుకోవద్దు. వెతికితే గడ్డలు చాలామందిలో కనపడతాయి. వాటిలో ఎక్కువ శాతం ఏమీ చేయవు.

ఇప్పుడు అమ్మ

రెండు వైపులా గడ్డలున్నాయి కాబట్టి గ్రంథి మొత్తం తీశారు. బయాప్సీ రిపోర్ట్ వచ్చినప్పుడు ఈసారి నేను ముందు వెతికింది ఒకే మాట. వాస్కులర్ ఇన్వేజన్: లేదు. అంచులు: శుభ్రం. మొదటి స్టేజ్. రేడియో అయోడిన్ అక్కర్లేదన్నారు. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక థైరాక్సిన్ మాత్ర. అప్పుడప్పుడు థైరోగ్లోబ్యులిన్ రక్త పరీక్ష, మెడ స్కాన్. మెడ మీద గీత సన్నగా మిగిలింది, తాళి దాని కిందే ఉంటుంది.

మీకు చెప్పేది ఇంతే. ఇంట్లో ఎవరిదైనా థైరాయిడ్ స్కాన్ రిపోర్ట్ చేతికొస్తే రంగు ఫోటో పక్కన పెట్టండి. డాక్టర్‌ని నాలుగు అడగండి. టైరాడ్స్ ఎంత? సూది పరీక్ష కావాలా, దేనికి? పక్క గ్రంథులు ఎలా ఉన్నాయి? మళ్ళీ ఎప్పుడు చూపించాలి? ఆపరేషన్ వరకు వస్తే డబ్బు గురించి ముందే దిగులు పడకుండా, ఆరోగ్యశ్రీ వర్తించే హాస్పిటల్లో ఉండే ఆరోగ్యమిత్రని కలవండి. ఇప్పుడు మన ఆంధ్రలో దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఇక ఫోన్‌లో వెతికి ఇంట్లో తీర్పు చెప్పే పని మాత్రం పెట్టుకోవద్దు. నేను చెప్పిన తీర్పు ప్రకారం పోయుంటే, మంచిదాన్ని చూసి ఏడ్చి, చెడ్డదాన్ని ఇంట్లోనే ఉంచుకునేవాళ్ళం.

ఈ వీడియో మీ అమ్మకి, పిన్నికి, అక్కకి పంపండి. మీ ప్రశ్నలు కింద రాయండి. రిపోర్ట్ ఫోటోలు మాత్రం పెట్టొద్దు, వాటిని చూసి చెప్పే అర్హత నాకు లేదు, అది మీ డాక్టర్ పని. అమ్మ లోపల నుంచి పిలుస్తోంది, "చాల్లే అబ్బయా, అన్నం చల్లారిపోతా ఉండాది" అని. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.